సలహా కింద ఎవరి పేరుందో చూస్తాను: జె-పాల్ పరిశోధనలు రెండేళ్లు వాడాక

హన్మకొండలో ఆరుగురం కలిసి ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ నడుపుతున్నాం. పరకాల, ఆత్మకూరు, శాయంపేట మండలాల్లో మహిళా సంఘాల లీడర్లకు లెక్కల పుస్తకాలు రాయడం, అప్పుల లెక్క చూసుకోవడం నేర్పుతాం. అంతకుముందు పదకొండేళ్లు సంఘాల్లోనే సీసీగా, అంటే కమ్యూనిటీ కోఆర్డినేటర్‌గా చేశాను.

మూడేళ్ల కింద ఒక కన్సల్టెన్సీ వాళ్లు వచ్చి, మా శిక్షణ వల్ల ఊళ్లకు ఎంత మేలు జరిగిందో రిపోర్టు రాసిస్తామన్నారు. నలభై వేలు తీసుకున్నారు. పన్నెండు పేజీలు, మంచి కాగితం, రంగుల బొమ్మలు. ఆరో పేజీలో మా జిల్లా పేరు ఉండాల్సిన చోట వేరే జిల్లా పేరు ఉంది. ఎవరు తిరిగారు, ఎవరిని అడిగారు, ఎవరు రాశారు అని వెతికితే అట్ట మీద కంపెనీ గుర్తు తప్ప ఒక్క మనిషి పేరు లేదు. ఫోన్ చేస్తే "మా టీమ్ చేసింది మేడం" అన్నారు. ఆ రోజు నుంచి ఎవరు సలహా ఇచ్చినా ముందు పేర్లు చూస్తున్నాను.

జె-పాల్ గురించి చెప్పింది మా అమ్మాయి. కాకతీయ యూనివర్సిటీలో ఎంఏ ఎకనామిక్స్ చదువుతోంది. పేదరికం తగ్గించే పథకాల్లో ఏది పనిచేస్తుంది, ఏది చెయ్యదు అని పరీక్షించి చెప్పే పరిశోధన కేంద్రం ఇది. 2003లో అమెరికాలోని ఎంఐటీలో అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లో, సెంథిల్ ముల్లైనాథన్ మొదలుపెట్టారు. బెనర్జీ, డుఫ్లోలకు మైకేల్ క్రెమర్‌తో కలిపి 2019లో నోబెల్ వచ్చింది. మన వైపు పనులు చూసే దక్షిణాసియా ఆఫీసు కూడా ఉంది. పరిశోధనల సారాంశాలు ఎవరైనా డబ్బు కట్టకుండా చదువుకోవచ్చు. నేను ఇంగ్లీషు మెల్లగా చదువుతాను కాబట్టి ఆదివారం పొద్దున అమ్మాయి చదివి చెప్తుంది, నేను నోట్‌బుక్కులో తెలుగులో రాసుకుంటాను. రెండేళ్లుగా ఇదే పద్ధతి.

నోబెల్ చూసి నేను నమ్మలేదు. నమ్మకం కుదిరింది హైదరాబాద్ పరిశోధన దగ్గర. 104 బస్తీలు తీసుకుని, లాటరీలాగా 52 బస్తీల్లో చిన్న అప్పులిచ్చే ఒక మైక్రోఫైనాన్స్ సంస్థ బ్రాంచీలు పెట్టేలా చూశారు, మిగతా 52లో అప్పటికి పెట్టలేదు. మొదటి అప్పు పదివేలు, యాభై వారాల్లో కట్టాలి. ఏడాదిన్నరలోపు ఇంటింటికీ వెళ్లి అడిగితే తేలింది ఇదీ: అప్పటికే వ్యాపారం ఉన్నవాళ్లు ఇంకొంత పెట్టుబడి పెట్టారు, కొందరు ఇంటికి కావలసిన పెద్ద వస్తువులు కొన్నారు. పిల్లల చదువులో గానీ, ఆరోగ్యంలో గానీ, ఇంట్లో ఆడవాళ్ల మాట చెల్లడంలో గానీ తేడా కనబడలేదు. చిన్న అప్పులతో పేదరికం పోతుందని లోకమంతా అంటున్న రోజుల్లో చేసిన పని ఇది. రాసిన నలుగురి పేర్లూ పైనే ఉన్నాయి: బెనర్జీ, డుఫ్లో, రేచల్ గ్లెనర్‌స్టర్, సింథియా కిన్నన్. అందులో గ్లెనర్‌స్టర్ అప్పటికి జె-పాల్‌ను నడిపిస్తున్న ఎగ్జిక్యూటివ్ డైరెక్టరే. సంస్థను నడిపే మనిషే లోకానికి నచ్చని ఫలితం కింద సంతకం పెట్టిందంటే, ఆ సలహాకు నేను విలువ ఇస్తాను.

ఇది చదివాక మా శిక్షణ కరపత్రంలోంచి ఒక వాక్యం కొట్టేశాను. "అప్పు తీసుకున్న ప్రతి ఇల్లూ బాగుపడుతుంది" అని ఆరేళ్లుగా అచ్చు వేయిస్తున్నాం.

ఆ నెల శాయంపేట దగ్గర ఒక ఊళ్లో మీటింగ్. గ్రామ సంఘం గదిలో చాప మీద పద్దెనిమిది మంది కూర్చున్నారు. బస్తీల సంగతి చెప్పేసరికి ఒకామె అందుకుంది. "గదేంది అక్కా, సగం మందికిచ్చి సగం మందిని ఊకె చూసుడేంది? గాళ్లకు అక్కర లేదా పైసలు?" నేను జవాబు వెతుక్కుంటుంటే వెనక నుంచి ఇంకో పెద్దామె, పత్తి రైతు, అంది: "మనం కొత్త మందు తెస్తే నాలుగు సాళ్లు కొట్టకుండ ఇడ్సి చూస్తమా లేదా? అన్నిట్ల కొడితే మందుతోని పండిందో వానతోని పండిందో ఎట్ల ఎర్కైతది?" ఇంత తేటగా ఏ ప్రొఫెసరూ చెప్పలేదు నాకు. తర్వాత ఆ మిగతా బస్తీల్లో కూడా బ్రాంచీలు పెట్టారని చెప్పాను. మొదటామె మాత్రం ఒప్పుకోలేదు. "సాళ్లకు ఆకలైతదా?" అంది. ఆమె మాట కూడా తీసెయ్యలేను.

నాకున్న వెలితి కూడా ఇక్కడే. జె-పాల్‌కు దారి చూపేది ప్రొఫెసర్లు. విద్య, ఆరోగ్యం, వ్యవసాయం అంటూ ఒక్కో రంగానికి ప్రొఫెసర్లే పెద్దలు. గ్లోబల్ ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్‌గా పనిచేసిన ఇక్బాల్ ధలివాల్ తమిళనాడు కేడర్‌లో ఐఏఎస్ చేసినవారు, అది మేలు. కలెక్టరేట్ ఫైళ్లు చూసిన మనిషికి ప్రభుత్వం ఎట్లా కదులుతుందో తెలుస్తుంది. కానీ "సాళ్లకు ఆకలైతదా" అని అడగగలిగిన ఆడమనిషి ఒకామె ఆ బల్ల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చోవాలి. ఇంకో సంగతి, ఒకచోట తేలింది ఇంకోచోట నిజం కావాలని లేదని, 2015లో నోబెల్ వచ్చిన ఆంగస్ డీటన్ లాంటి ఆర్థికవేత్తలే ఈ పద్ధతిని గట్టిగా విమర్శించారు. హైదరాబాద్ బస్తీలో ఏడాదిన్నరలో తేలినదాన్ని పరకాల పల్లెకు అట్లాగే అంటించొద్దు.

అందుకే మన దగ్గరే చేసిన పని దొరికితే గట్టిగా పట్టుకుంటాను. రైతుబంధును 2018 మే 10న హుజూరాబాద్‌లో మొదలుపెట్టారు కదా, ఎకరానికి నాలుగు వేల చెక్కులు. అప్పుడు జె-పాల్‌తో పనిచేసే ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్, ఆయన తోటి పరిశోధకులు కొన్ని మండలాలను లాటరీ పద్ధతిలో ఎంచుకుని, అక్కడి వ్యవసాయాధికారులకు ముందే చెప్పించారు, మీ రైతులకు ఫోన్ చేసి చెక్కు అందిందా అని అడుగుతామని. అంతే. ఆ మండలాల్లో చెక్కు అందని రైతుల సంఖ్య 7.8 శాతం తగ్గింది. అదనంగా రైతు చేతికి చేరిన ప్రతి వంద రూపాయలకు ఖర్చు మూడు రూపాయల అరవై పైసలు.

దీనికి కంప్యూటర్ అక్కర్లేదు, కన్సల్టెన్సీ అక్కర్లేదు. పోయిన ఉగాది నుంచి నేనూ నెలకు పదిమందికి ఫోన్ చేస్తున్నాను. సంఘాల లిస్టులోంచి చీటీలు తీసి, వచ్చిన పేరుకు చేస్తాను. అప్పు ఎంత వచ్చింది, చేతికి ఎంత ముట్టింది, అంతే అడుగుతాను. ఫోన్లు వస్తాయని లీడర్లందరికీ ముందే చెప్పాను.

జె-పాల్‌కు ఐదింటికి నాలుగు మార్కులు ఇస్తాను. ఆ ఒక్కటి సాళ్ల గురించి అడిగినామె కోసం ఆపాను.

పోయిన శనివారం ఎనిమిదో ఫోన్‌కు ఒకామె కాసేపు ఏమీ మాట్లాడలేదు. పక్కన మేక అరుస్తోంది. తర్వాత మెల్లగా అంది, "యాభై వేలని రాసిండ్రు అక్కా. ఖర్చులని ఆరు వందలు పట్టుకున్నరు. గిది ఎవలకు చెప్పాల్నో తెల్వక ఊకున్న." తేదీ వేసి, ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. సోమవారం ఆ పేజీ తీసుకుని మండల సమాఖ్య ఆఫీసుకు వెళ్తున్నాను.