ఆమెద్‌లో జాలరి ఇంట్లో మూడు రాత్రులు, ఒక పొద్దు పడవ

గది అద్దె రాత్రికి 2,50,000 రూపియాలు (ఇండోనేషియా డబ్బు), పొద్దున టిఫిన్ అందులోనే. మన రూపాయికి దాదాపు 185 రూపియాలు వచ్చాయి కాబట్టి 1,350 రూపాయల లెక్క. బాలి తూర్పు చివర ఆమెద్‌లో ఒక జాలరి కుటుంబం ఇంటి వెనక రెండు గదులు వేసి అద్దెకిస్తోంది, జులైలో నేను, మా బావ అక్కడే ఉన్నాం. గది శుభ్రంగా ఉంది. ఫ్యాన్, దోమతెర ఉన్నాయి, స్నానం నీళ్లు కొంచెం ఉప్పగా ఉంటాయి, ఏసీ లేదు, మాకు అవసరం కూడా పడలేదు. నేను ఇంత రాయడానికి కారణం గది కాదు, ఆ ఇంటాయన తెల్లవారుజామున తీసుకెళ్లే చేపల పడవ.

మాది డిండి ప్రాజెక్టు పక్క ఊరు. మా మేనమామ ఇప్పటికీ పుట్టి మీద పోయి వల వేస్తాడు, మత్స్యకారుల సొసైటీలో సభ్యుడు. బావ ఆయన కొడుకే, దేవరకొండలో చేపలు అమ్ముతాడు. అందుకే బాలి పోదామని అనుకున్నప్పుడే బావ ఒకటే మాట అన్నాడు, చేపలు పట్టేవాళ్ల దగ్గర ఉంటేనే వస్తా అని.

ఆమెద్ అంటే ఒక్క ఊరు కాదు. జెమెలుక్, బునుతాన్, లిపా అని చిన్న చిన్న ఊళ్లు సముద్రం వెంబడి వరుసగా ఉంటాయి, అన్నిటినీ కలిపి ఆమెద్ అనేస్తారు. ఒడ్డంతా నల్ల ఇసుక, నల్ల గులకరాళ్లు, వెనక 3,000 మీటర్లు దాటిన అగుంగ్ అగ్నిపర్వతం. ఒడ్డు మీద అడుగు పెట్టే సందు లేకుండా పడవలు. వాటిని జుకుంగ్ అంటారు. సన్నగా, పొడుగ్గా ఉంటాయి, తేలడానికి అటు ఒకటి, ఇటు ఒకటి వెదురు బొంగులు కట్టి ఉంటాయి, ముందు భాగం చేప నోరులాగా తెరుచుకుని పక్కన కళ్లు గీసి ఉంటాయి. చీకట్లో దారి చూడడానికే ఆ కళ్లు అని ఇంటాయన చెప్పాడు.

ఐదింటికి లేపారు. బయల్దేరే ముందు ఇంటామె ఆకు దొన్నెలో పూలు, కొంచెం అన్నం పెట్టి పడవ ముందర ఉంచింది. మా దగ్గర కొత్త నీళ్లు వస్తే గంగమ్మకు కొబ్బరికాయ కొట్టినట్టే అనిపించింది నాకు, బావ అయితే చెప్పులు విప్పి దండం పెట్టాడు. పడవలో ఇంటాయన కాక ఇద్దరికే చోటు, రెండున్నర గంటలు కాళ్లు మడుచుకుని కూర్చోవాలి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎక్కొద్దు. లైఫ్ జాకెట్లు మేం అడిగితేనే ఇచ్చారు, అవీ పాతవి. ఇది మార్చుకోవాలని ఆయనకే చెప్పాను. ఈత రాకపోతే జాకెట్ లేకుండా అస్సలు ఎక్కకండి.

వల లేదు. పొడుగాటి దారానికి పదుల కొద్దీ గాలాలు, ఎర బదులు ప్రతి గాలానికీ మెరిసే రంగు దారపు కుచ్చు. పడవ ముందుకు పోతుంటే అది వెనక ఈదుకుంటూ వస్తుంది, చిన్న చేప అనుకుని తోంకోల్ చేపలు కరుస్తాయి. తోంకోల్ అంటే ఆంధ్రా తీరంలో సూర అనే జాతి. చెరువులో బొచ్చె, రవ్వ లాగిన చేతులు కదా, మొదటిది పడగానే బావ దారం అందుకుని తనే లాగాడు, ఇంటాయన నవ్వుతూ వదిలేశాడు. ఆ రోజు పడినవి పదకొండు. తిరిగొచ్చేటప్పుడు గాలి తగలగానే ఆయన ఇంజిన్ ఆపి తెరచాప విప్పాడు. అక్కడ మామూలు పెట్రోల్ లీటరు 10,000 రూపియాలు, అంటే మన 54 రూపాయలు. మనకు చవకగా కనిపిస్తుంది గానీ, పదకొండు చేపల రోజున ఆ ఖర్చు పెద్దదే.

ఒడ్డుకు రాగానే ఆడవాళ్లు చుట్టూ చేరారు. చేప ఎత్తి చూసి, మొప్పలు తీసి చూసి, అక్కడే బేరం చేసి బుట్టలో వేసుకుని నెత్తిన పెట్టుకుని పోయారు. బావ అక్కడే నిలబడిపోయాడు. మా వైపు చాలా చోట్ల వల తీయకముందే దళారి రేటు చెప్పేస్తాడు, ముందు అప్పు ఇచ్చి ఉంటాడు కాబట్టి ఎదురు మాట్లాడే పని ఉండదు. ఇంటికొచ్చాక మామ అడిగిన మొదటి ప్రశ్న కూడా అదే: "రేటు ఎవరు చెప్పిన్రురా?"

మాకు మిగిల్చిన రెండు చేపలు ఇంటామె కొబ్బరి చిప్పల నిప్పు మీద కాల్చింది. పైన సంబల్ మతా వేసింది, పచ్చి చిన్న ఉల్లిపాయలు, మిరపకాయలు, నిమ్మగడ్డి సన్నగా తరిగి కొబ్బరి నూనె కలిపే పచ్చడి. పులుసు తినే నాలుక నాది, అయినా ఆ రుచి మళ్లీ కావాలనిపిస్తోంది.

ఇంటాయన లెక్క ఆయన మాటల్లోనే చెప్తా. చేప మీద తిండి, గదుల మీద పిల్లల చదువు. 2017లో అగుంగ్ పొగ కక్కినప్పుడు టూరిస్టులు పోయారు, 2020లో కరోనా వచ్చి మళ్లీ పోయారు, రెండుసార్లూ గదులకు తాళాలు వేసి సముద్రం మీదే బతికామన్నాడు. పక్కనున్న తులంబెన్‌లో ఇంకో రకం. 1942లో జపాన్ సబ్‌మెరైన్ దెబ్బతీసిన లిబర్టీ అనే అమెరికా ఓడ అక్కడి ఒడ్డుకు చేరి, 1963 అగ్నిపర్వతం పేలుడుతో నీళ్లలోకి జారింది, ఇప్పుడు దాన్ని చూసే డైవర్ల మీదే ఆ ఊరు నడుస్తోంది. డైవర్ల గాలి సిలిండర్లు ఆడవాళ్లే నెత్తిన మోసుకుపోతారు.

నాకు బాధేసింది ఆమెద్‌లో ఉప్పు పండించే చోట. సముద్రం నీళ్లు నేల మీద చల్లి ఎండబెట్టి, ఆ ఉప్పు మట్టిని గంపకెత్తి మళ్లీ నీళ్లు పోసి వడకట్టి, దిగిన చిక్కటి నీళ్లను చీల్చిన కొబ్బరి మొద్దుల్లో పోసి ఎండకు వదిలేస్తారు. ఒడ్డు భూములు హోటళ్లకు పోయాక ఈ పని చేసేవాళ్లు చాలా తగ్గిపోయారు. అర కిలో కొన్నాం, అమ్మ పచ్చిపులుసులో వేసి బాగుందంది.

డబ్బు సంగతి జాగ్రత్త. పడవకు ఇద్దరికీ కలిపి ఇంటాయన తీసుకున్నది 4,00,000 రూపియాలు. మమ్మల్ని ఎయిర్‌పోర్ట్ నుంచి తెచ్చిన కారతను ఇదే పడవకు 7,00,000 అడిగాడు, ఇంటాయనను అడిగితే అలా వచ్చిన గిరాకీలో తనకు సగమే అందుతుందన్నాడు. కాబట్టి నేరుగా ఇంటివాళ్లతోనే ముందు రోజు సాయంత్రం మాట్లాడుకోండి, డబ్బు పడవ ఆయన చేతికే ఇవ్వండి. వీసాకు మనిషికి 5,00,000 రూపియాలు, బాలి టూరిస్టు పన్ను 1,50,000 వేరే. ఎయిర్‌పోర్ట్ నుంచి కారులో మూడు గంటలు. గాలి ఎక్కువైతే పడవ తీయరు, అందుకని ఒక్క రాత్రి లెక్కతో పోకండి, కనీసం రెండు పొద్దులు చేతిలో ఉంచుకోండి.