మామూలు ఫ్యానా, బీఎల్‌డీసీ ఫ్యానా?

పాత సీలింగ్ ఫ్యాన్ కాసేపు తిరిగాక ఆపి, మధ్యలో మోటారు డబ్బా మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా తగులుతుంది. ఆ వేడికీ మనమే బిల్లు కడుతున్నాం.

కరెంటు: మామూలుది ఫుల్ స్పీడులో దాదాపు 75 వాట్లు. బీఎల్‌డీసీ (బ్రష్‌లెస్ డీసీ, అంటే లోపల అయస్కాంతాలు, ఎలక్ట్రానిక్ బోర్డుతో తిరిగే మోటారు ఉన్న ఫ్యాన్) 30 అటూఇటూ. రోజుకు 15 గంటలు వేస్తే నెలకు సుమారు 20 యూనిట్ల తేడా.

స్పీడు తగ్గిస్తే: పాతకాలం డబ్బా రెగ్యులేటర్ మిగిలిన కరెంటులో చాలావరకు తానే వేడెక్కి తినేస్తుంది. బీఎల్‌డీసీకి ఆ రెగ్యులేటరే అక్కర్లేదు, బిగించేటప్పుడు తీసేయించాలి కూడా.

ధర: బీఎల్‌డీసీకి వెయ్యో పదిహేను వందలో ఎక్కువ.

రిపేరు: ఇక్కడ మామూలుదే మేలు. కెపాసిటర్ మారిస్తే చాలాసార్లు సరిపోతుంది, వైండింగ్ కాలినా సందు చివర షాపులో చుట్టిస్తారు. బీఎల్‌డీసీలో బోర్డు పోతే, వారంటీ కూడా దాటిపోతే, జేబుకు చిల్లే. రిమోట్ కనపడకపోతే ఇంట్లో గోల సరేసరి.

రాత్రంతా తిరిగే పడగ్గదికి, ఇన్వర్టర్ మీద నడిచే ఇంటికి బీఎల్‌డీసీ. చుట్టాలొస్తేనే తలుపు తీసే గదికి ఉన్న ఫ్యానే ఉండనివ్వండి.