కొత్త స్విచ్చుల మీద పాత ఐపీఎక్స్: దీర్ఘకాల వాడకం తరువాత

పటాన్‌చెరు పారిశ్రామికవాడలోని మా విడిభాగాల కర్మాగారంలో నెట్‌వర్క్ స్విచ్చులన్నింటినీ మార్చి రెండేళ్ళు దాటింది. ఆఫీసు వైపు మల్టీగిగాబిట్ (ఒక గిగాబిట్‌కు మించిన వేగాలూ ఇచ్చే) పోర్టులున్నవీ, షాపు ఫ్లోరు వైపు మామూలు 10/100/1000 మెగాబిట్ల పోర్టులున్నవీ తీసుకున్నాం. తయారీ సంస్థ పేరు కావాలనే రాయడం లేదు. ఇక్కడ చెప్పే ఇబ్బందులు దాదాపు ఏ కంపెనీ సరుకుతోనైనా ఎదురయ్యేవే. వేగం విషయంలోనూ, నిలకడ విషయంలోనూ వీటికి వంక పెట్టలేను. ఈ సమీక్ష వాటి మీద ఐపీఎక్స్ అనే పాత ప్రోటోకాల్ (నెట్‌వర్క్‌లో కంప్యూటర్లు మాట్లాడుకునే పద్ధతి) ఎలా నడుస్తోందన్న దాని గురించే.

మా లేత్ యంత్రాలకు ప్రోగ్రాములు పంపే డాస్ కంప్యూటర్లు ఇప్పటికీ నోవెల్ నెట్‌వేర్ 3.12 (పాత ఫైల్ సర్వర్ సాఫ్ట్‌వేర్) నడిపే సర్వర్ల నుంచే ఫైళ్ళు తీసుకుంటాయి, అదీ ఐపీఎక్స్ మీద. విండోస్ విస్టాతోనే మైక్రోసాఫ్ట్ ఆ ప్రోటోకాల్‌ను వదిలేసింది. లైనక్స్ కెర్నల్ నుంచి 2018లో దాన్ని తీసేశారు. అయినా యంత్రం ఇంకా చక్కగా కోస్తుండగా, పక్కనున్న కంప్యూటర్ ముసలిదైందని కంట్రోలర్ మార్చడానికి లక్షలు పెట్టమంటే ఏ యాజమాన్యమూ ఒప్పుకోదు. ఆ వాదనలో తప్పు ఉందని నేనూ అనుకోను.

కొత్త స్విచ్చులు ఐపీఎక్స్‌ను మోయవేమోనన్న భయం మాత్రం అనవసరమని తేలింది. ఒకే వీలాన్ (స్విచ్చుల్లో విడిగా ఏర్పరచిన నెట్‌వర్క్ భాగం) లోపల స్విచ్ చూసేది నెట్‌వర్క్ కార్డుకుండే మ్యాక్ చిరునామానే కాబట్టి, లోపల ఐపీ ఉన్నా ఐపీఎక్స్ ఉన్నా దానికి ఒకటే, నెట్‌వేర్ 3.11 కాలం నాటి ముడి 802.3 ఫ్రేములు (పాత రకపు డేటా పొట్లాలు) కూడా ఇబ్బంది లేకుండా దాటిపోయాయి.

చిక్కంతా ఆ ప్రోటోకాల్‌కు కిందా పైనా ఉంది. మొదటిది స్పానింగ్ ట్రీ, అంటే నెట్‌వర్క్‌లో లూపులు ఏర్పడకుండా స్విచ్చులు చూసుకునే ఏర్పాటు. డాస్ కంప్యూటర్ ఆన్ చేయగానే నెట్‌వర్క్ కార్డు డ్రైవర్ లోడవుతుంది, లింకు దీపం వెలుగుతుంది, ఆ వెంటనే ఫైల్ సర్వర్ దొరకలేదన్న సందేశంతో తెర ఆగిపోతుంది. కేబులు సరైనదే, కార్డు సరైనదే. పోర్టు మాత్రం వినే దశలో 15 సెకన్లు, నేర్చుకునే దశలో మరో 15 సెకన్లు గడిపిన తరువాతే ఫ్రేములను వదులుతుంది. డాస్ క్లయింటుకు అంత ఓపిక లేదు. ర్యాపిడ్ స్పానింగ్ ట్రీ ఉన్నా, అవతలిది స్విచ్ కాకపోతే, అది ఎడ్జ్ పోర్టని (కంప్యూటర్‌లాంటి చివరి పరికరానికి వెళ్ళే పోర్టని) మనం చెప్పకపోతే, ఆ అరనిమిషం తప్పదు. ఆ ఒక్క సెట్టింగుతో సమస్య పూర్తిగా పోయింది.

రెండోది వేగం. ఆ కంప్యూటర్లలో ఉన్నవి 10 మెగాబిట్ల హాఫ్ డ్యూప్లెక్స్ (ఒకేసారి పంపడమో అందుకోవడమో ఒకటే చేయగల) కార్డులు. మేము కొన్న మల్టీగిగాబిట్ పోర్టులు 100 మెగాబిట్ల దగ్గర మొదలవుతాయి, వాటిలో హాఫ్ డ్యూప్లెక్స్ అసలు లేదు. మామూలు పోర్టుల్లో రెండూ ఉన్నాయి, అయితే వాటిని ఆటోలోనే (వేగం, డ్యూప్లెక్స్ పోర్టే తేల్చుకునేలా) ఉంచాలి. బాగుపడుతుందని ఎవరైనా పోర్టును ఫుల్ డ్యూప్లెక్స్‌కు బిగిస్తే లింకు నిలిచే ఉంటుంది, పింగ్‌లాంటి చిన్న పరీక్షలూ నెగ్గుతాయి. పెద్ద ఫైలు కదిలినప్పుడే స్విచ్ వైపు సీఆర్‌సీ తప్పులు (చెడిపోయి చేరిన ఫ్రేములు), కార్డు వైపు ఆలస్యపు కొలిజన్లు (ఫ్రేములు ఆలస్యంగా ఢీకొనడాలు) పెరుగుతూ పోతాయి. ఆఫీసు వైపున్న ఒక పాత కంప్యూటర్‌కు మధ్యలో చిన్న గిగాబిట్ స్విచ్ పెట్టి పని జరిపించాం. పని జరుగుతుంది, కానీ ఆ కంప్యూటర్ ఆగిపోయినా పెద్ద స్విచ్‌లో లింకు పచ్చగానే కనిపిస్తుంది కాబట్టి పర్యవేక్షణకు అది తెలియదు.

మూడోది రూటింగ్. పాత కోర్ (మధ్యలోని ప్రధాన) స్విచ్ రెండు షాపుల మధ్య ఐపీఎక్స్‌ను రూట్ చేసేది, అంటే ఒక నెట్‌వర్క్ నుంచి మరోదానికి దాటించేది. కొత్తదానికి ఆ విద్య లేదు. పాత రూటర్‌ను పక్కన ఉంచి నడిపించడం సాధ్యమే గానీ, విడిభాగాలు దొరకని పెట్టె మీద ఉత్పత్తిని ఆధారపరచడం నాకు సమ్మతం కాదు. రెండు షాపుల డాస్ కంప్యూటర్లనూ గేట్‌వే (బయటి నెట్‌వర్కులకు దారి) లేని ఒకే వీలాన్‌లో కలిపేశాం. అలా కలిపేటప్పుడు రెండు సర్వర్లకూ ఒకే ఐపీఎక్స్ నెట్‌వర్క్ సంఖ్య, ఒకే ఫ్రేమ్ రకం ఇవ్వాలి; లేకపోతే రూటర్ అమరిక తప్పని రెండు కన్సోళ్ళూ బీప్ చేస్తూ ఒకదాని మీద ఒకటి ఫిర్యాదు చేస్తూనే ఉంటాయి.

గేట్‌వే లేకపోవడం భద్రతకు మంచిదే, కానీ డిజైన్ విభాగం నుంచి ప్రోగ్రాములు లోపలికి రావాలి కదా. అందుకు రెండు కార్డులున్న విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్‌ను మధ్యన ఉంచాం: ఒక కార్డు ఐపీఎక్స్ వైపు, రెండోది ఫైర్‌వాల్ వెనుక ఐపీ వైపు. అక్కడ మరో చిక్కు వచ్చింది. ఎక్స్‌పీకి వచ్చిన ఎస్ఎంబీ (విండోస్‌లో ఫైళ్ళు పంచుకునే ప్రోటోకాల్) మొదటి వెర్షన్‌ను మా కొత్త ఫైల్ సర్వర్ ఒప్పుకోదు, ఒప్పుకునేలా చేయడం నాకూ ఇష్టం లేదు. ఫైర్‌వాల్‌లో ఒకే చిరునామాకు ఎఫ్‌టీపీ (ఫైళ్ళు బదిలీ చేసే ప్రోటోకాల్) తెరిచి సరిపెట్టాం. స్విచ్చుల మార్పిడి మొత్తంలో ఎక్కువ పని తీసుకున్నది ఈ మధ్యవర్తి కంప్యూటరే.

షాపు ఫ్లోరుకు మామూలు పోర్టుల స్విచ్చులను నిస్సంకోచంగా మళ్ళీ కొంటాను. మల్టీగిగాబిట్ రకాన్ని అక్కడ ఉచితంగా ఇచ్చినా పెట్టను. కొటేషన్ అడిగేటప్పుడు 10 మెగాబిట్ల హాఫ్ డ్యూప్లెక్స్ ఏయే పోర్టుల్లో పనిచేస్తుందో రాతపూర్వకంగా తీసుకోండి, ఎందుకంటే కరపత్రంలో ఆ వరుస తరచుగా కనిపించదు.