విజయనగరంలో ఫ్లెక్స్ వేయించేవాళ్లూ, ముందు ఫైల్ కొలతలు చూసుకోండి

సిరిమాను పండగ దగ్గర పడుతోంది, అందరూ ఫ్లెక్సుల కోసం తిరుగుతుంటారు, అందుకే రాస్తున్నాను. మా బావ కోట దగ్గర టిఫిన్ సెంటర్ పెడుతూ 10 అడుగుల వెడల్పు, 5 అడుగుల ఎత్తుకి ఇనప ఫ్రేము ముందే చేయించేశాడు. డిజైన్ ఒకతని దగ్గర కొన్నాం, అతను వాట్సాప్‌లో పంపిన ఈపీఎస్ ఫైల్‌ని అలాగే ప్రింటింగ్ షాపుకి ఇచ్చేశాం. తీరా చూస్తే బిల్లు 70 చదరపు అడుగులకి! ఇదేంటని అడిగితే షాపాయన, "ఏటి బాబూ, వెడల్పు 10 పెడితే ఎత్తు 7 వచ్చింది, నానేటి చేస్తాను" అన్నాడు. విప్పి చూస్తే చుట్టూ తెల్ల ఖాళీ, మధ్యలో ఎనిమిదిన్నర అడుగుల బొమ్మ. పైనా కిందా కోసేసినా అటూ ఇటూ ముప్పావు అడుగు తెల్లగానే మిగిలింది.

ఆ రాత్రి ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచాను. ఈపీఎస్ అంటే లోపల ఉండేది పోస్ట్‌స్క్రిప్ట్, అక్షరాల్లో రాసిన ప్రోగ్రామే. మొదట్లోనే రెండు పర్సెంట్ గుర్తుల తర్వాత బౌండింగ్‌బాక్స్ (బొమ్మ ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉందో చెప్పే లైను) అని, పక్కన 0 0 842 595 అని ఉంది. అవి పాయింట్లు, అంగుళానికి 72. అంటే అడ్డంగా పెట్టిన ఏ4 కాగితం మొత్తం! మహానుభావుడు బొమ్మ కొలత కాకుండా పేజీ కొలత పెట్టి పంపాడు. ఉచితంగా దొరికే ఘోస్ట్‌స్క్రిప్ట్ అనే సాఫ్ట్‌వేర్‌తో అసలు బొమ్మ ఎక్కడుందో కొలిపిస్తే 61 118 781 478 వచ్చింది. మొదటి రెండూ ఎడమ కింది మూల, తర్వాతి రెండూ కుడి పై మూల. చాలామంది చివరి రెండే చూస్తారు, అది తప్పు, తీసివేయాలి. 781లో 61 పోతే 720, అంటే 10 అంగుళాలు. 478లో 118 పోతే 360, అంటే 5. అంగుళానికి అడుగు చొప్పున పెంచితే సరిగ్గా మా ఫ్రేము లెక్కే. 50 చదరపు అడుగుల బిల్లుతో పోవాల్సింది.

కొన్ని ఫైళ్లలో అంకెల బదులు అట్‌ఎండ్ అని ఉంటుంది, అప్పుడు ఫైల్ చివరికి వెళ్లి చూడండి. పీడీఎఫ్ ఇస్తే మీడియాబాక్స్ చూసి మోసపోకండి, అది కాగితం సైజు.

డిజైన్ అబ్బాయి ఫోన్ ఎత్తడం లేదు. ఖాళీ కత్తిరించిన ఫైల్‌తో ఇంకో షాపులో మళ్లీ వేయించాం. పాతది బావ పొయ్యి కట్టెల మీద కప్పాడు.