లారీ కమాను పట్టీతో కత్తులు: ఏళ్ల వాడకం తర్వాత

సొంతంగా కత్తులు చేసుకోవాలనే సరదా ఉన్నవాళ్లు మొదట అడిగేది ఏ ఉక్కు తీసుకోవాలని. నేను చెప్పేది ఒకటే: కమాను పట్టీ, అంటే లారీలు, జీపుల కింద బరువు మోసే స్ప్రింగు పట్టీ. మా ఇంట్లో కొబ్బరికాయలు కొట్టే కత్తి, మాంసం కత్తి, పెరట్లో కొమ్మలు నరికే మచ్చుకత్తి అన్నీ దాంతో చేసినవే, ఏళ్లుగా వాడుతున్నవే.

దెబ్బకు ఓర్చుకోవడం దీని అసలు గుణం. కార్బన్ సుమారు 0.5 నుంచి 0.6 శాతం ఉంటుంది, తోడుగా సిలికానో క్రోమియమో కలుపుతారు. అందుకే మేక ఎముక మీద వేటు పడినా అంచు పెచ్చులూడదు. మహా అయితే కాస్త మొద్దుబారుతుంది, సానరాయి మీద నాలుగుసార్లు లాగితే మళ్లీ దారికొస్తుంది.

కానీ ఆ గుణమంతా కాల్చడంలోనే ఉంది. కత్తి రూపం వచ్చాక కొలిమిలో పెట్టి, ఎర్రబడుతుండగా తీసి అయస్కాంతం తాకించి చూస్తాను. 770 డిగ్రీల దగ్గర ఇనుము అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. అక్కడి నుంచి ఇంకాస్త కాల్చి, గోరువెచ్చటి నూనెలో నిలువుగా దించాలి. నీళ్లు వద్దు, పగులుతుంది. బయటికి తీశాక ఆకురాయితో గీస్తే, రాయి పట్టకుండా జారిపోవాలి. అప్పుడు కత్తి బాగా పెళుసుగా ఉంటుంది, కిందపడితే విరగొచ్చు. వెంటనే ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు, చల్లారాక ఇంకోసారి అంతే. మెరుగుపెట్టిన చోట లేత గడ్డి రంగు తిరిగితే సరిపోయినట్టు. నీలం వచ్చిందంటే వేడి దాటిపోయింది. అది మళ్లీ కమానుకు పనికొచ్చే ఉక్కే అవుతుంది, పదును నిలవదు.

పెద్ద లోటు కనిపించని పగుళ్లు. గుంతల రోడ్ల మీద ఏళ్ల తరబడి బరువు మోసిన పట్టీ కదా! బోల్టు రంధ్రం చుట్టూ మరీ అనుమానం. తుప్పు గీకేసి కిరోసిన్ పూసి, కాసేపాగి శుభ్రంగా తుడిచి సుద్దపొడి చల్లండి. పగులుంటే లోపలి కిరోసిన్ ఊరి, పొడి మీద సన్నటి తడి గీత తేలుతుంది. పాత ఇనుము కొట్లో దొరికే విరిగిన పట్టీ కంటే, కమాన్లు కట్టే షాపులో కత్తిరించగా మిగిలిన కొత్త ముక్క అడిగి తెచ్చుకోవడం నయం. ధర కాస్త ఎక్కువైనా టెన్షన్ ఉండదు.

తుప్పు సంగతి తెలిసిందే. చింతపండు, నిమ్మకాయ తగిలితే నల్లబడుతుంది. కడిగి, తుడిచి, కొబ్బరినూనె రాస్తే చాలు.

టమాటాలు పలచగా తరగడానికి మాత్రం ఇది నాకు నచ్చలేదు. దానికి సుమారు 1 శాతం కార్బన్ ఉండే బేరింగ్ ఉక్కు మేలు, సన్నటి అంచు ఎక్కువ రోజులు నిలుస్తుంది. కొందరు డమాస్కస్ కత్తుల మీది అలల గీతలు కమాను పట్టీ మీద వస్తాయా అని అడుగుతుంటారు. రావు. ఒకప్పుడు మన నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసల్లో కరిగించి, పర్షియా దాకా పంపిన ఉక్కు వేరు. అందులో కార్బన్ చాలా ఎక్కువ. ఆ గీతలు ఆ ఉక్కులోంచే వచ్చేవి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు పెద్ద లారీ పట్టీ జోలికి పోకండి, దాగలి మీద సాగగొట్టేసరికి భుజాలు పడిపోతాయి. జీపుదో చిన్న వ్యానుదో, ఆరు మిల్లీమీటర్ల మందం పట్టీ అయితే గ్రైండర్‌తోనే పని అయిపోతుంది.