ఈత కొట్టి వచ్చాక ఏది తాగితే మేలు?

ఎండాకాలం వచ్చిందంటే నెల్లూరులో మేం ఈతకెళ్లే పూల్ దగ్గర తల్లులు అడిగేది ఒకటే: "అన్నా, పిల్లలకు టెంకాయ నీళ్లు ఇవ్వాలా, ఓఆర్ఎస్ కలపాలా?" వెంటనే ఇంకో మాట, "అయినా నీళ్లలోనే ఉంటారు గదా, చెమటేం పడుతుంది?"

పడుతుంది. పట్టింది పట్టినట్టు నీళ్లలో కలిసిపోతుంది కాబట్టి కనపడదు. మే నెలలో పూల్ నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి, ఒంటి వేడి తొందరగా దిగదు, చెమట ఇంకా పెరుగుతుంది. దానికి తోడు మూత్రం. మెడదాకా నీళ్లలో ఉంటే ఆ ఒత్తిడికి కాళ్లలోని రక్తం ఛాతీ వైపు చేరుతుంది. ఒంట్లో నీరు ఎక్కువైందనుకుని శరీరం మూత్రపిండాలతో తోడించేస్తుంది. పిల్లలు మధ్యలో మాటిమాటికీ బాత్రూమ్‌కి పరిగెత్తేది అందుకే. దాహం మాత్రం అంతగా తెలియదు.

మొన్న నేనే చూసుకున్నాను. దిగేముందు పొడి తువ్వాలు కట్టుకుని తూగితే 64.8 కిలోలు. గంట ఈదాక, తడి నిక్కరు తీసేసి, తల తుడుచుకుని, అదే పొడి తువ్వాలుతో తూగితే 64.1. మధ్యలో ఒకసారి మూత్రానికి వెళ్లాను, గుక్కెడు నీళ్లు తాగలేదు. 700 గ్రాములు పోయాయి, అయినా దాహమే లేదు!

ఇక ఏది తాగాలన్నది నా లెక్కలో ఉప్పు తేలుస్తుంది. చెమటతో ఉప్పులోని సోడియం కూడా పోతుంది. ఒట్టి నీళ్లు గటగటా తాగేస్తే చాలావరకు మళ్లీ మూత్రంగా పోతాయి. సోడియం ఉంటే తాగింది ఒంట్లో నిలుస్తుంది.

టెంకాయ నీళ్లలో పొటాషియం పుష్కలం, సోడియం తక్కువ. మైపాడు బీచ్ నుంచి వస్తూ ఒక బోండాం తాగడం నాకూ ఇష్టమే, కానీ దాంతోనే సరిపెట్టుకోకూడదు. ఓఆర్ఎస్‌లో లీటరుకు 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు ఉంటాయి. విరేచనాలకు దాన్ని మించింది లేదు, గంట ఈతకు అంత అక్కర్లేదు. రంగు రంగుల స్పోర్ట్స్ డ్రింకుల్లో చక్కెరే ఎక్కువ, వదిలేయండి. అరగంట సరదాగా మునిగి వస్తే మంచినీళ్లు, ఇంటికెళ్లి అన్నం చాలు.

గంట దాటి గట్టిగా ఈదితే మాత్రం నా ఓటు మజ్జిగకే. గ్లాసు పెరుగుకు మూడు గ్లాసుల నీళ్లు పోసి చిలికి, అర లీటరుకు పావు చెంచా ఉప్పు వేసి, పొదలకూరు నిమ్మకాయ అర చెక్క పిండి, కరివేపాకు నలిపి వేస్తాను. పోయిన బరువుకు ఒకటిన్నర రెట్లు తాగాలి. అంటే నా 700 గ్రాములకు లీటరు పైనే. అందులో సగం మజ్జిగ, సగం నీళ్లు, గంటా గంటన్నరలో కొంచెం కొంచెంగా. బీపీ ఉన్నవాళ్లు ఉప్పు సంగతి డాక్టర్‌ని అడగాలి.

ఇంకోటి, పిల్లలు అడిగేదాకా చూడకండి. మజ్జిగ క్యాను గట్టు మీద నీడలో పెట్టుకుని, నాలుగు రౌండ్లకోసారి పిలిచి రెండు గుక్కలు తాగించండి.