థాంక్స్ చెప్పడానికి ఏడు డబ్బాల ఆత్రేయపురం పూతరేకులు

మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. మొన్న వేసంగిలో నాన్నకి కాకినాడలో ఆపరేషన్ అయ్యింది, ఇరవై రోజులు అక్కడే ఉండిపోయాం, ఇప్పుడు బానే తిరుగుతున్నారు. ఆ ఇరవై రోజులు మాకు అండగా నిలబడినోళ్ళకి ఏదోటి ఇవ్వాలని అమ్మ ఒకటే పోరు. డబ్బులిస్తే పుచ్చుకోరు, చీరలు పెడితే మళ్ళీ మనకి తిరిగి పెట్టాలేమో అని వాళ్ళు ఇబ్బంది పడతారు, అందుకని పూతరేకులు అనుకున్నాం.

రావులపాలెం నుంచి లొల్ల లాకుల మీదుగా బండి మీద వెళ్ళాం. శనివారం మాత్రం పెట్టుకోకండి, వాడపల్లి వెంకన్నకి ఏడు వారాలు మొక్కుకున్న జనంతో రోడ్డు కదలదు. ఆత్రేయపురంలో షాపులకేం తక్కువలేదు, 2023లో జీఐ ట్యాగ్ (ఇది ఫలానా ఊరి సొంత సరుకు అని ఇచ్చే గుర్తింపు) కూడా వచ్చింది కదా. కానీ మేం రేకు తీసే ఒకావిడ ఇంటికే వెళ్ళి కొన్నాం, అదే మంచిదైంది.

ఆవిడ బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకులు ఎగదోస్తా, జయ బియ్యం పిండి పాలలా పల్చగా కలుపుకుని, అందులో గుడ్డ ముంచి కుండ మీద అలా ఒక్కసారి లాగుతుంది అంతే, రేకు లేచొచ్చేస్తుంది. చేతిలోకి తీసుకుని పైకెత్తితే దాంట్లోంచి ఆవిడ గాజుల రంగు కనపడింది నాకు. తెల్లారగట్లే మొదలెడతానండి, ఎండెక్కితే ఈ సెగ దగ్గర కూర్చోలేం అంది. ఇన్ని డబ్బాలు ఎవరికండీ అని అడిగితే అమ్మ మొత్తం చెప్పింది. అయితే ఉండండి, ఇప్పుడే చుట్టించి ఇస్తాను అని మా ముందే రేకులకి తడిగుడ్డ అద్ది, నెయ్యి రాసి, బెల్లం తురుము, జీడిపప్పు, బాదం పలుకులు వేసి మడతపెట్టించింది.

రుచికి ఐదుకి ఐదు. నోట్లో పెట్టుకుంటే నమలక్కర్లేదు, నెయ్యి కమ్మగా ఉంది, బెల్లం తీపి గొంతులో పట్టలేదు. పంచదారవీ బాగున్నాయి గానీ నా ఓటు బెల్లానికే. ప్యాకింగ్‌కి మాత్రం మూడే. డబ్బా అట్ట మరీ పల్చన. ఒకటి హైదరాబాద్‌లో అక్కకి కొరియర్ చేస్తే మొత్తం పొడైపోయి వెళ్ళింది, తప్పు కొరియర్ వాళ్ళదే అనుకోండి, కానీ గట్టి అట్ట అయితే కొంతన్నా ఆగేది. నా మాట విని ఎవరికైనా మీ చేత్తో పట్టుకెళ్ళి ఇవ్వండి.

మొదటి డబ్బా పక్కింటి పిన్నికి. మేం లేని ఇరవై రోజులూ మా గేదెకి గడ్డేసి, పాలు పితికి కేంద్రంలో పోసి, ఏ పూట ఎన్ని లీటర్లో క్యాలెండర్ చింపిన కాగితం వెనకాల రాసి, డబ్బులు దాంట్లోనే మడతపెట్టి ఇచ్చిన మనిషి ఆవిడ. ఒక్క రూపాయి ఉంచుకోలేదు. డబ్బా ఇస్తే "ఇదేంటక్కా పరాయిదాన్లాగా" అని అమ్మ మీద కోప్పడింది. తర్వాత విప్పి, ఒక పూతరేకు విరిచి, ముందు అమ్మ నోట్లో పెట్టింది. అమ్మ నములుతూనే ఏడ్చేసింది.

రక్తం ఇచ్చిన మా ఫ్రెండ్‌కి, అర్ధరాత్రి పిలిచినా వచ్చిన ఆటో బాబాయ్‌కి ఇచ్చేశాం. నాన్నకి రాత్రుళ్ళు నిద్ర పట్టకపోతే పక్కన నిలబడి మాట్లాడిన నర్సమ్మ డబ్బా ఇంకా మా ఇంట్లోనే ఉంది, ఆవిడకి డ్యూటీ మారిందట. నెయ్యి వాసన మారకముందే ఇవ్వాలని ఎల్లుండి నాన్ననే తీసుకుని కాకినాడ వెళ్తున్నాం.